రొమ్ము అని రాయండి

మొన్న జనగామ చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కట్టారు. తెలంగాణ ఉద్యమంలో పాల్గొని ఇప్పుడు లేని వాళ్ళ ఫొటోలు వరుసగా వేశారు. రెండో వరుస చివర ఆమె ఉంది. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో అది. పక్కన నిలబడ్డ మనిషిని కత్తిరించి తీసేసినా, ఆ మనిషి చెయ్యి మాత్రం ఆమె భుజం మీద మిగిలిపోయింది. కింద పేరు. పేరు కింద ‘ఉద్యమ గాయని, అనారోగ్యంతో మరణించారు’ అని రాశారు.

అనారోగ్యమట. నాకు ఒళ్ళు మండిపోయింది. జ్వరమొచ్చి పోయిందా? దగ్గొచ్చి పోయిందా? ఆమెకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఆ రెండు మాటలను ఈ ఊరి నోట పలికించడానికే, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆమె కొట్లాడింది. తాళ్ళు బిగిస్తున్న కుర్రవాణ్ణి అడిగితే, “చౌరస్తల గదంత రాస్తరా మేడం? పద్ధతిగ ఉండాలె గద” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. పద్ధతి! ఆ పద్ధతే ఎంతమంది ఆడవాళ్ళను మింగిందో వాళ్ళకు తెలియదు. చెప్పినా వినరు.

ఆమె పేరు నేను రాయను. పేరు ఒకటి ఉంచి మనిషిని మాయం చేయడం ఎంత సులువో ఆ ఫ్లెక్సీ ముందు నిలబడ్డప్పుడే చూశాను. మనిషి ఎట్లా ఉండేదో చెబుతాను.

పాత బస్టాండు వెనక సందులో, ఒక జిరాక్సు షాపుకూ కోళ్ళ దుకాణానికీ నడుమ ఆమె కుట్టు దుకాణం ఉండేది. పుట్టిల్లు లింగాల ఘనపూర్ దగ్గరి పల్లె. భర్త ఆటో నడిపేవాడు, నోట్లోంచి మాట రావడమే గగనం. ఆయన వాటా మాటలు కూడా ఆమే మాట్లాడేది. నేను అప్పుడు అక్కడి ఆడపిల్లల బడిలో టీచర్ని. నా జాకెట్లన్నీ ఆమే కుట్టేది. నేను ‘అక్కా’ అనేదాన్ని, ఆమె నన్ను ‘పంతులమ్మా’ అనేది.

పని చేస్తున్నంతసేపూ పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉండేది. ఆ సూదుల సందులోంచే మాట్లాడేది, నవ్వేది, కూనిరాగం తీసేది. కోపం వస్తే మాత్రం సూదులు ఒక్కొక్కటే తీసి కుట్టుమిషన్ మీది దూది దిండుకు గుచ్చేది. అది చూడగానే సందులో వాళ్ళకు అర్థమైపోయేది, ఇక ఎవరికో మూడిందని.

పాటలు కట్టేది. తోచిన చరణాన్ని తోచిన చోట, చేతిలో ఉన్న మార్కింగ్ సుద్దతో గుడ్డ మీదే రాసేది. నా జాకెట్ లోపలి లైనింగు మీద ఒకసారి ‘కమిటీ మీద కమిటీ, కుర్చీ మీద కుర్చీ’ అని ఉంది. ఉతికితే పోయింది కానీ, అప్పటికే ఆ పాట చౌరస్తాలోని దీక్షా శిబిరంలో మార్మోగుతోంది.

గడ్డ సంగతి ఆమే నాకు చెప్పింది. అప్పుడు దుకాణంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. నా భుజాల కొలత తీసుకుంటూ, “పంతులమ్మా, నా ఎడమ రొమ్ముల గడ్డైంది” అంది. మామూలుగా, గొంతు తగ్గించకుండా. అక్కడున్న పెద్దావిడ గుమ్మం వైపు చూసి, “మెల్లగ అనే, మొగోళ్ళు తిరిగే తొవ్వ” అంది.

సూదులు బయటికి వచ్చాయి.

“ఎందుకు మెల్లగ? దొంగతనం చేసిన్నా? కాలు ఇరిగితె ఊరంత ఇనవడేటట్టు ఏడుస్తం. కంట్లె పువ్వస్తె అందరికి చూపిస్తం. గిది మాత్రం చీర కొంగు కింద దాసుకొని చావాల్నా?”

హైదరాబాదు దవాఖానలో ఎడమ రొమ్ము తీసేశారు. చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన నిలబడ్డాను. ఆమె కళ్ళు తెరిచి, “మా ఇంట్ల విభజన ఐపోయింది పంతులమ్మా. ఏ కమిటీ అడ్డం రాలే. రాష్ట్రానిదే ఇంక తేలకపాయె” అంది. పక్క మంచం మీది మనిషి కుట్లు పట్టుకుని నవ్వింది. నర్సు వచ్చి మందలించింది. మూలన నిలబడ్డ భర్త మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆమె జోకులకు నవ్వి ఊరుకున్నవాళ్ళు ఆమెను ఎన్నడూ సరిగ్గా వినలేదని నాకు అనిపిస్తుంది. ధైర్యవంతురాలు, నవ్వుతూ ఉంటుంది అని అందరూ మెచ్చుకున్నారు. అది మెప్పు కాదు, తప్పించుకోవడం. ఆమె నవ్వులో ముప్పాతిక భాగం కోపమే. మందుల వల్ల జుట్టంతా రాలిపోయి, గుండుతో శిబిరంలో కూర్చుంటే, ఒక విలేకరి వచ్చి ఫొటో తీసి ‘తెలంగాణ కోసం మహిళ శిరోముండనం’ అని వేశాడు. నేను చిరాకుపడితే ఆమె పేపరు నా చేతిలోంచి లాక్కుని చూసుకుంది. “రాసుకోనీ. గుండు ఒక్కటే, లొల్లి రెండిటికి” అంది.

అదే పేపరుకు ఆమె రాయడం మొదలుపెట్టింది. చిన్న చిన్న ముక్కలు. దవాఖాన వరండాలో కూర్చున్న వాళ్ళ కబుర్లు, చుట్టాల పరామర్శలు, మందు ఎక్కించేటప్పుడు నోట్లో తగిలే ఇనుప రుచి, అన్నీ నవ్వొచ్చేటట్టు. మొదటిది జిల్లా పేజీలో అచ్చయింది. చదివి దుకాణం మూసేసి, నన్ను వెంటబెట్టుకుని పేపరు ఆఫీసుకు నడిచింది. అక్కడ డెస్కు మీద ఉన్నాయన చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“సారూ, నేను ‘దవాఖాన’ అని రాసిన. మీరు ‘ఆసుపత్రి’ చేసిండ్రు. ‘ఏంది’ అని రాస్తే ‘ఏమిటి’ చేసిండ్రు. సరే. ‘రొమ్ము’ అని రాస్తే ‘ఛాతీ’ ఎట్లైంది?”

“కుటుంబాలు చదివే పేపరమ్మా...”

“కుటుంబాలల్ల రొమ్ములుండయా? నువ్వేం తాగి పెరిగినవ్ సారూ? నా మాట సిగ్గు, నా రొమ్ము సిగ్గు. మీకు సిగ్గు గానిది నా తానేమున్నది? ఛాతీ అంటె మా ఊళ్ళె ఆడోళ్ళు మొగోని రోగమనుకుంటరు. రొమ్ము అని రాయండి. రాయకుంటె నా ముచ్చట నాకియ్యుండ్రి.”

తర్వాతి ముక్కలో రొమ్ము రొమ్ముగానే వచ్చింది, ‘దవాఖాన’ మాత్రం మళ్ళీ ఆసుపత్రి అయింది. ఆ తర్వాత రెండు మూడు వేసి, చోటు లేదన్నారు.

చోటు లేకపోతే నోరుంది. ఆ ఏడు బతుకమ్మను రోడ్ల మీదే ఆడుతున్నారు. చౌరస్తా నిండా ఆడవాళ్ళు. మైకు ఆమె చేతికిచ్చారు. రాష్ట్రం పాట రెండు చరణాలు పాడి, ఊపిరి తీసుకుని, మూడోది ఇట్లా అందుకుంది.

రొమ్ములో గోలీలు ఉయ్యాలో
నొప్పి లేదని నమ్మకు ఉయ్యాలో
సిగ్గు మనకే గాని ఉయ్యాలో
గడ్డకు సిగ్గేది ఉయ్యాలో

చప్పట్లు ఒక్క క్షణం తడబడ్డాయి. స్టేజీ మీదున్న ఉద్యమ కమిటీ పెద్దాయన మైకు తీయించేశాడు. “గియ్యి ఆడోళ్ళ ముచ్చట్లు, ఇంట్ల పాడుకోవాలె” అన్నాడు. ఆడవాళ్ళ పండుగలో, ఆడవాళ్ళ నడుమ, ఆడవాళ్ళ ముచ్చట! ఆమె మైకు లేకుండానే పాడింది. దగ్గరున్న వలయం అందుకుంది, దాని వెనక వలయానికి మాటలు సరిగా వినిపించక ఉయ్యాలో మాత్రమే అన్నారు. మరునాడు దుకాణానికి ఇద్దరు ముగ్గురు వచ్చి, జాకెట్ గుడ్డ చేతిలో పట్టుకుని, కుట్టించుకునే పని లేకున్నా నిలబడ్డారు. ఆమె తలుపు దగ్గరికి వేసి వాళ్ళను లోపలికి తీసుకుపోయింది.

అప్పటికి ఆమె తైదల సంచులు, అంటే రాగులు నింపిన సంచులు, కుట్టడం మొదలుపెట్టింది. రొమ్ము తీసేసిన మనిషికి ఒకవైపు బరువు పోయి, భుజం వంగి, వెన్ను నొప్పి పుడుతుంది. అమ్మకానికి దొరికే రబ్బరు రొమ్ములు మనలాంటి వాళ్ళకు అందేవి కావు. మెత్తటి పాత నూలుగుడ్డతో గుండ్రంగా సంచి కుట్టి, ఎండబెట్టిన తైదలు నింపి, జాకెట్ లోపల జేబు పెట్టి అందులో కూర్చోబెట్టేది. తనకోసం మొదట కుట్టుకుంది. తర్వాత దవాఖాన వరండా స్నేహాలకు, వాళ్ళు చెప్పి పంపిన వాళ్ళకు. ఇచ్చేటప్పుడు అందరికీ ఒకటే జాగ్రత్త చెప్పేది. “వానల తడవనియ్యకు, మొలకలొస్తయ్. మరీ కరువొస్తె తీసి అంబలి కాసుకో.” కొత్తగా రొమ్ము పోగొట్టుకున్న మనిషి ఆ మాటకు ఏడుస్తూనే నవ్వేది.

భర్త అక్క భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో ఉండేది. ఈమె ఆవిడను వదినె అని పిలిచేది. మరదలి ఆపరేషన్ గురించి ఆ వదినె చుట్టుపక్కల అందరికీ గర్భసంచి తీసేశారని చెప్పుకుంది. ఆ వదినె ఇంట్లో పాప వేడుకకు మేమిద్దరం పోయినప్పుడు నల్లా దగ్గర ఒకామె జాలిగా, “గర్భసంచి తీసినంక నడుము నొస్తుందా చెల్లే?” అని అడిగింది.

ఈమె వదినె వైపు తిరిగింది. తన ఎడమ వైపు అరచేత్తో చరిచి చూపించింది. “వదినె, గర్భసంచి గిక్కడుంటదా? నాకు తెల్వక అడుగుతున్న.”

బిందెలు పట్టుకున్న వాళ్ళందరూ గొల్లుమన్నారు. వదినె మొహం కందగడ్డ అయింది. “ఇజ్జత్ తీస్తివి గదనే పిల్లా” అంటూ లోపలికి పోయింది. ఈమె నల్లా గట్టు మీద కూర్చుని, స్నానం చేసేటప్పుడు చేత్తో ఎట్లా తడిమి చూసుకోవాలో, ఏది తగిలితే పరుగెత్తాలో వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కదల్లేదు. వదినె మాత్రం కిటికీ వెనక నిలబడింది. బయటికి రాలేదు.

ఇక రైలు రోకో రోజు. ఆ రోజు లేకపోతే నేను ఆమె గురించి ఇంత కోపంగా రాసేదాన్ని కాదేమో. జనగామ స్టేషన్లో పట్టాల మీద జనం. పొయ్యిలు పెట్టి వంటలు, పాటలు, డప్పులు. డోర్నకల్ వైపు నుంచి వచ్చిన బండి ఒకటి ప్లాట్‌ఫారం మీద ఆగిపోయి ఉంది. ఆమె మొదటి వరుసలో, పట్టా మీద కూర్చుని ఉంది. బండిలో ఒక ఆడమనిషికి బాగాలేదని ఎవరో చెబితే ఇద్దరం పోయి చూశాం.

డోర్నకల్ అవతలి తండా నుంచి వచ్చిన లంబాడీ మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. వెంట అన్న. ఆమెకు తెలుగు తక్కువ, అన్నే చెప్పాడు. ఆ రోజు హైదరాబాదు క్యాన్సర్ దవాఖానలో చూపించుకోవాలి. ఇవాళ పోకపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఆమె ఓఢ్నీని, పైట గుడ్డను, రొమ్ముకు ఒత్తుకుని కూర్చుంది. ఆ ఓఢ్నీ కింది నుంచి వాసన వస్తోంది. పెట్టెలో మిగతావాళ్ళు దూరం జరిగి కూర్చున్నారు. అక్క పోయి ఆమె పక్కనే, ఆనుకుని కూర్చుంది. కొంగు కొంచెం తొలగించి చూసింది. పుండు. మళ్ళీ కప్పింది. దిగి నేరుగా కమిటీ పెద్దాయన దగ్గరికి నడిచింది.

“అన్నా, నీ కారు తాళం ఇయ్యి.”

సంగతి విని ఆయన అటూ ఇటూ చూశాడు. “గిప్పుడు గదంత పెట్టకు అక్కా. అందరికి ఏదో ఒక పని ఉంటది. ఒకలను ఇడిస్తే ఉద్యమం నీరుగారుతది.”

“బండి ఇడువమన్ననా? పట్టాల మీద నేను గూడ కూసున్న. నీ కారు ఇయ్యమంటున్న.”

“ఒక్కరోజుల ఏమైతది అక్కా? రేపు పోతరు.”

“తెలంగాణ వచ్చేదాక గడ్డ ఆగుతదా? ఆగుతదంటె నువ్వే పోయి దానికి చెప్పు. ఊరంత నీ మాట ఇంటది, గది గూడ ఇంటదేమో చూద్దాం. డోర్నకల్ల పుట్టిన మనిషి రొమ్ము చూపిచ్చుకోనీకి పట్నం దాక ఎందుకు పోవాల్నన్నా? గందుకే గద మనం పట్టాల మీద కూసున్నది? గామెను గిక్కడ చావనిచ్చి తెచ్చే రాష్ట్రం ఎవనికి?”

డప్పులు ఆగాయి. చుట్టూ ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన జేబులోంచి తాళం తీశాడు.

ఆ కారు ముందు ఉద్యమ జెండా కట్టి ఉంది. దారి పొడుగునా ఎక్కడ రోడ్డు ఆపినా ఆ జెండా చూసి వదిలేశారు. వెనక సీట్లో అక్క ఆ తండా మనిషి తలను తన కుడి భుజం మీద పెట్టుకుంది. “ఎడమ దిక్కు తైదలున్నయ్, గుచ్చుకుంటయ్” అంది. అన్న దాన్ని వాళ్ళ భాషలో చెబితే ఆమె నమ్మలేదు. అక్క సంచి తీసి చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, నొక్కి, నోటికి ఓఢ్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ దారిలో ఆమె నవ్వింది అదొక్కసారే.

దవాఖానలో కుర్ర డాక్టరు చూసి కోప్పడ్డాడు. “ఇంత లేటుగానా రావడం? చదువు లేకపోతే ఇంతే.”

“లేటు ఆమెది గాదు సారూ” అంది అక్క. “గడ్డ తగలంగనే ఊరి డాక్టరుకు చూపిచ్చింది, ఆయన మలాం ఇచ్చిండు. మానుకోట దవాఖానకు పోయింది, పెద్ద డాక్టరు లేడు, మళ్ళ రమ్మన్నరు. మళ్ళ పోయింది, మళ్ళ లేడు. ఆమె బయలెల్లి శాన దినాలైంది. మీ దాక తొవ్వ లేదు. గా తొవ్వ లేనోళ్ళను తిట్టకుండ్రి. తొవ్వ ఎయ్యనోళ్ళను తిట్టుండ్రి.”

డాక్టరు ఆ మనిషిని చేర్చుకున్నాడు. కానీ మించిపోయింది. ఆ వచ్చిన ఎండాకాలంలో తండాలోనే ఆమె పోయింది.

ఆ కబురు విన్నరోజు అక్క మహబూబాబాద్ దవాఖానను చూడటానికి పోయింది. మేం మానుకోట అనే ఊరు అదే. అక్కణ్ణుంచి తండాకు పోయి, అన్నతో మాట్లాడి, తిరిగొచ్చి, ఒక తెల్లగుడ్డ తీసి పెద్ద అక్షరాలతో రాసింది. రాష్ట్రం కావాలె. రాష్ట్రంల దవాఖాన కావాలె. దవాఖానల డాక్టరు ఉండాలె. శిబిరంలో దాన్ని చూసి కమిటీ పెద్దాయన, “మొదటి మాట చాలు గదక్కా” అన్నాడు. “గా ఒక్క మాటకే ఐతె నేను ఇంట్ల కూసుంట” అని ఆమె దాన్ని తనే పట్టుకుని నిలబడింది. నిలబడగలిగినంత కాలం పట్టుకుంది.

రోగం ఎముకలకు పాకింది. రాష్ట్రం వచ్చిన రోజు ఆమె మంచంలో ఉంది. వీధిలో పటాకులు, రంగులు, డ్యాన్సులు. పోయి కూర్చున్నాను. పటాకులు వింటూ, “మంచిగైంది పంతులమ్మా” అంది. “ఇగ మన తప్పుకు మనల్నే తిట్టుకోవచ్చు.” మళ్ళీ బతుకమ్మ రాకముందే పోయింది.

ఆ పొద్దు జరిగింది రాయడానికి నేను ఒకరి అనుమతి తీసుకున్నాను. ఆవిడ ఇప్పుడు భూపాలపల్లిలో తన మనవరాళ్ళతో ఉంది. రాయి, ఏం దాచకు అంది.

పెరట్లో చీరలు అడ్డం కట్టి ఆడవాళ్ళం అక్కకు స్నానం చేయిస్తున్నాం. జాకెట్ విప్పాక అందరి చేతులూ ఆగిపోయాయి. ఇన్నేళ్ళు ఆమె పాట విన్నవాళ్ళు ఎవరూ ఆ మచ్చను చూసి ఉండలేదు. నల్లటి గీత, చంక దాకా. చెంబుతో నీళ్ళు పోస్తున్నది భర్త అక్క, ఆ భూపాలపల్లి వదినె. ఆవిడ మచ్చ మీద చెయ్యి పెట్టి, తీయలేదు. నా వైపు వంగి, చెవిలో అంది. “పంతులమ్మా, నాకు గూడ ఒకటి తగులుతున్నది.”

“ఎన్నడి సంది?”

“పోయిన బతుకమ్మ సంది.”

నేను అరిచాను. చావింట్లో, ఆమె ఒంటి మీద నీళ్ళు కారుతుండగా, వయసులో నాకన్నా పెద్ద మనిషి మీద అరిచాను. “మీ ఇంటి మనిషి మూడు ఊళ్ళు తిరిగి చెబితే నువ్వు కిటికీ వెనక నిలబడి విన్నవా? రొమ్ముల గడ్డ పెట్టుకొని ఇన్నొద్దులు ఎవలకు చెప్పకుంట ఎట్లున్నవ్?” చీరల అవతల మగవాళ్ళ మాటలు ఆగిపోవడం వినిపించింది. ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, కూలబడి ఏడ్చింది. “ఇయ్యాల దాని సావు. నా ముచ్చటెందుకు” అంది.

దహనం అయిపోయింది. తెల్లారి మొదటి రైలుకు ఆవిడను హైదరాబాదు తీసుకుపోతానన్నాను. ఇంటి పెద్దలు ఒప్పుకోలేదు. “పిట్టకు ముద్ద పెట్టలే, మూడొద్దులు గాలే, అప్పుడే ఇల్లు దాటుతరా? లోకం ఏమంటది?” అన్నాడు వాళ్ళ పెదనాయిన, వాకిట్లో మంచం వేసుకుని. ఆవిడ గడప దగ్గర సంచితో నిలబడి, లోపలికి పోవాలో బయటికి రావాలో తెలియక నన్ను చూస్తోంది. ముందురోజు నా కోపమంతా అయిపోయినట్టుంది.

అప్పుడు భర్త లేచాడు. నిన్న చితికి నిప్పు పెట్టిన మనిషి, ఆ గడియ నుంచి ఎవరితోనూ పలకని మనిషి. గోడ పక్కన ఉన్న ఆటో తీసి, గుమ్మం ముందు ఆపి, స్టార్ట్ చేసి ఉంచాడు.

“ఎక్కు అక్కా” అన్నాడు. “ఒకలను కాల్చొచ్చిన. ఇంకొకలను కాల్చుడు నాతోని గాదు.”

పెదనాయిన మంచం మీంచి లేచి ఏదో అంటున్నాడు. ఆవిడ ఎక్కింది. నేను పక్కన కూర్చున్నాను. ఆయన గేరు మార్చి, వెనక్కి చూడకుండా స్టేషన్ వైపు తిప్పాడు.